కాలేజీ బిల్డింగ్‌కి పడమర ఎటో ఎవరైనా చూశారా?

ఎడిటర్ గారికి నమస్కారం,

అడ్మిషన్ల టైమ్ వచ్చిందంటే మీ పేపర్లో ఫుల్ పేజీ కాలేజీ యాడ్లు వస్తాయి కదా, వాటి మీద నాకేం కంప్లైంట్ లేదు, పేపర్ నడవాలంటే యాడ్లు ఉండాల్సిందే. కానీ ఒకసారి వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూడండి, పైన పేరు మూసేస్తే ఏది ఏ కాలేజీయో చెప్పలేం. అన్నీ నీలం అద్దాలే, మధ్యలో వెండి రంగు ఏసీపీ షీట్లు, అంటే రెండు పల్చటి అల్యూమినియం రేకుల మధ్య కోర్ అనే ఇంకో పొర పెట్టి అతికించిన పలకలు. బిల్డింగులు డిజైన్ చేసే పనిలో ఉన్నాను కాబట్టి చెప్తున్నా, ఈ బొమ్మ చాలాసార్లు ప్లాన్ కంటే ముందే ఖాయమైపోతుంది. మేనేజ్‌మెంట్ వాళ్లు ఫోన్లో ఏదో ఫోటో చూపించి ఎలివేషన్, అంటే బిల్డింగ్ బయటి ముఖం, ఇలా కావాలి సార్ అంటారు, సైట్‌లో ఎండ ఎటు నుంచి కొడుతుందో అప్పటికి ఎవరూ అడిగి ఉండరు.

పడమర వైపు మొత్తం అద్దం పెట్టిన క్లాస్‌రూమ్‌లో మధ్యాహ్నం మూడు దాటాక ఏమవుతుందో అందులో కూర్చున్నవాళ్లకి తెలుసు. ఎండ ఏటవాలుగా బెంచీల మీదకి వచ్చేస్తుంది, బోర్డు మీద అక్షరం కనపడదు, ప్రొజెక్టర్ వెలవెలబోతుంది, ఎవరో లేచి కర్టెన్లు లాగేస్తారు, దాంతో గది చీకటి, మళ్లీ ట్యూబ్‌లైట్లు. అంటే వెలుతురు కోసమని పెట్టిన అద్దం వెనక పట్టపగలు లైట్లేసుకుని కూర్చోవడం అన్నమాట. మామూలు 6 మిల్లీమీటర్ల క్లియర్ గ్లాస్ తన మీద పడ్డ ఎండ వేడిలో దాదాపు 80 శాతం లోపలికి వదిలేస్తుంది, కర్టెన్ దగ్గరికొచ్చేసరికే వేడి గదిలోకి వచ్చేసినట్టు, అందుకే నీడ ఏదైనా అద్దానికి బయటే ఉండాలి. రిఫ్లెక్టివ్ గ్లాస్ వేస్తున్నాం కదా అంటారు, వేడి తగ్గే మాట నిజమే, దానితో పాటు వెలుతురూ తగ్గుతుంది, పైగా ఆ ఎండ తిరిగి ఎదురింటి మీద పడుతుంది. 2013లో లండన్‌లో వంపు తిరిగిన అద్దాల టవర్ ఒకటి ఎండనంతా రోడ్డు మీద ఒకచోటికి పోగేస్తే అక్కడ పార్క్ చేసిన కారు భాగాలు కరిగిపోయాయి, తర్వాత ఆ టవర్‌కి సన్‌షేడ్లు బిగించుకోవాల్సి వచ్చింది.

నా ఉద్దేశంలో ఆర్కిటెక్ట్ తీసుకోవాల్సిన మొదటి నిర్ణయం నాలుగు వైపులా నాలుగు రకాల గోడలు. దక్షిణం వైపు మధ్యాహ్నం సూర్యుడు ఎత్తులో ఉంటాడు, కిటికీ మీద అడ్డంగా ఒక సన్‌షేడ్ వేస్తే చాలావరకు పని అయిపోతుంది. తూర్పు, పడమరల్లో అలా కాదు, సూర్యుడు బాగా కిందకి ఉంటాడు కాబట్టి ఎంత పొడుగు సన్‌షేడ్ వేసినా దాని కింద నుంచి దూరి వచ్చేస్తాడు, అక్కడ నిలువు ఫిన్స్, అంటే గోడ నుంచి బయటికి పొడుచుకొచ్చే నిలువు పలకలు, వాలుగా పెట్టాలి, లేదంటే మెట్లు, లిఫ్టు, టాయిలెట్లు, స్టోర్ రూములు ఆ వైపు సర్దేసి గోడ మూసేయాలి. ఉత్తరం వైపు వెలుతురు రోజంతా దాదాపు ఒకేలా ఉంటుంది, ల్యాబులు, డ్రాయింగ్ హాళ్లు అటు వేసుకోవచ్చు, అయితే మన అక్షాంశాల్లో ఎండాకాలం సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి కూడా వంగుతాడు గనక అక్కడా ఓ చిన్న నీడ కావాలి. నాలుగు వైపులా ఒకే అద్దం చుట్టేశారంటే అక్కడ ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోలేదనే లెక్క.

ఈ విషయంలో పెద్దపెద్దవాళ్లే దెబ్బతిన్నారు. లె కార్బూజియే అనే పేరుమోసిన ఆర్కిటెక్ట్ 1933లో పారిస్‌లో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవా సంస్థకి కట్టిన బిల్డింగ్‌కి తెరవడానికి వీల్లేని పెద్ద అద్దాల గోడ పెట్టాడు, రెండు పొరల అద్దం, లోపల గాలిని చల్లబరిచే మెషీన్లు అని ప్లాన్, డబ్బులు చాలక ఒక పొరతోనే సరిపెట్టారు, మెషీన్లు రాలేదు, ఎండాకాలం లోపలివాళ్లు ఉడికిపోయారు. చివరికి తెరుచుకునే కిటికీలు పెట్టి, యుద్ధం తర్వాత బయట కాంక్రీట్ నీడ పలకలు కట్టారు. తర్వాత చండీగఢ్‌లో ఆయన కట్టినవాటికి ఆ పలకలే ముఖం అయ్యాయి.

అహ్మదాబాద్ ఐఐఎం చూడండి, 1962లో అమెరికా ఆర్కిటెక్ట్ లూయీ కాన్‌కి దాని డిజైన్ అప్పగించారు. ఇటుక గోడల్లో పెద్ద పెద్ద గుండ్రటి కంతలు ఉంటాయి, ఫోటోలో చూసినవాళ్లు స్టైల్ కోసం అనుకుంటారు, కానీ ఆ గుండ్రంలో అద్దం ఉండదు, దాని వెనక వరండా, వరండా వెనక గది, ఎండైనా వానైనా ముందు వరండాలోనే ఆగాలి. జైపూర్‌లో పెర్ల్ అకాడమీ అనే ఫ్యాషన్ కాలేజీ బిల్డింగ్‌కి అసలు గోడ నుంచి 4 అడుగుల దూరంలో జాలీ, అంటే కంతలున్న తెర లాంటి గోడ, నిలబెట్టారు, ఏ వైపు కంతలు ఎంత దగ్గరగా ఉండాలో నీడ లెక్కలు వేసి తేల్చారు. మన ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ, 1939 నాటిది, అందరూ గులాబీ గ్రానైట్ అందం గురించే మాట్లాడతారు, ఆ మందపాటి రాతి గోడలూ లోతైన కమానులూ చేసే పని ఎవరూ చెప్పరు.

ఇటుకా జాలీ పెట్టేస్తే అంతా అయిపోతుందని కూడా కాదు. ఐఐఎంలోనే ఇటుకలు దెబ్బతిని, 2020 చివర్లో 18 డార్మిటరీల్లో 14 కూల్చేస్తామన్నారు, ప్రపంచమంతా గోల పెడితే కొద్దిరోజులకే అప్పటికైతే వెనక్కి తగ్గారు. జాలీల్లో దుమ్ము, పావురాలు మామూలే. కడగడానికి మనిషి వెళ్లే దారి డ్రాయింగ్‌లోనే వేయాలి, మేం ఆర్కిటెక్టులం అది చాలాసార్లు మర్చిపోతాం.

ఏసీపీ గురించి ఒక్క మాట. షీటుకి, గోడకి మధ్య ఖాళీ ఉంటుంది, మంట అంటుకుంటే ఆ ఖాళీలోంచి పైకి పాకుతుంది. 2017 జూన్‌లో లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ అనే అపార్ట్‌మెంట్ బిల్డింగ్‌కి మంటలంటుకుని 72 మంది చనిపోయారు, పాలిథిలీన్ అనే ప్లాస్టిక్ కోర్ ఉన్న షీట్ల వల్లే మంట అంత వేగంగా పైకెక్కిందని ఎంక్వైరీలో తేలింది. మంటకి తట్టుకునే మినరల్ కోర్ షీట్లు కూడా దొరుకుతాయి, కానీ కొటేషన్‌లో రంగు, షేడ్ అడిగినంతగా కోర్ ఏంటని అడిగే మేనేజ్‌మెంట్‌ని నేనింకా చూడలేదు.

బడ్జెట్ బిగుసుకుంటే మొదట ఎగిరిపోయేది కూడా ఈ ఫిన్సూ, సన్‌షేడ్లే, డెకరేషన్ కదా సార్ తీసేద్దాం అంటారు, ఆ తీసేసిన డబ్బు తర్వాత ప్రతి నెలా కరెంటు బిల్లులో కడతారు.

కాబట్టి కాలేజీ చూడ్డానికి వెళ్లే పిల్లలకి, తల్లిదండ్రులకి మీ పేపర్ ద్వారా ఒక రిక్వెస్ట్. రిసెప్షన్ ఏసీలో కూర్చుని బ్రోషర్ తీసుకుని వచ్చేయకండి, మధ్యాహ్నం మూడింటికి పై అంతస్తులో పడమటి వైపు క్లాస్‌రూమ్ ఒకటి చూపించమనండి, లోపలికెళ్లాక ఏసీ, లైట్లు ఆపించి కర్టెన్లు తెరిపించి ఓ పావుగంట కూర్చోండి.

ఇట్లు,
బిల్డింగ్ డిజైన్ పనిలో ఉన్న మీ పాఠకుడు