తుపాను కన్ను రాలేదు, పిల్లలూ రాలేదు

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన గురువారం ఏడో తరగతిలో పదకొండు మందే కూర్చున్నారు. కారణం మీకందరికీ తెలిసిందే. "మొంథా అయిపోలేదు, ఈ రాత్రి తుపాను కన్ను నల్లగొండ మీదికే వస్తోంది, పిల్లల్ని బయటికి పంపకండి" అంటూ ముందురోజు మన పేరెంట్స్ గ్రూపులో తిరిగిన ఆడియో. తెల్లారి చూస్తే ఎండ ఫెళ్లున కాసింది. బడికి సెలవుంటే అదే గ్రూపులో, నా నంబరు నుంచే చెప్తాను.

మొంథా నిజమే. 2025 అక్టోబర్ 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది, మర్నాడు దేవరకొండ వైపు ఎంత వాన కొట్టిందో చూశాం. కానీ కన్ను సంగతి వేరు. తుపానుకు తిండి వేడి సముద్రం. నీళ్లు సుమారు 26.5 డిగ్రీలు దాటి వేడెక్కితే ఆవిరి జోరుగా పైకి లేస్తుంది. పైన చల్లబడి నీటి బొట్లయ్యేటప్పుడు తనలోని వేడిని వదిలేస్తుంది. ఆ వేడికి గాలి ఇంకా పైకి పోతుంది, కింద పీడనం పడిపోతుంది, చుట్టుపక్కల గాలంతా అక్కడికి దూసుకొస్తుంది. భూమి తిరుగుతుంటుంది కాబట్టి నేరుగా రాలేక సుడి తిరుగుతుంది, మన దిక్కు గడియారం ముల్లుకు ఎదురుగా. బాగా బలపడితే నడిమధ్యన గాలి నెమ్మదించి మబ్బు విచ్చుకుంటుంది. అదే కన్ను. (అమెరికా వాళ్ల హరికేన్, జపాన్ వాళ్ల టైఫూన్ కూడా ఇదే.) నేల మీదికొచ్చాక ఆవిరి అందదు, కన్ను పూడిపోతుంది. సముద్రం మనకు 150 కిలోమీటర్ల పైనే. మనదాకా వచ్చేది మిగిలిన వాన. భయపడాల్సింది దానికే. 2009 అక్టోబర్‌లో అలంపూర్ మునిగినప్పుడు పేరున్న తుపానే లేదు.

అందుకే ఏటా మొత్తుకుంటున్నాను, ప్రతి డాబా మీదా ఒక వర్షమాపకం ఉండాలని! ఖాళీ కూల్‌డ్రింక్ సీసా, కత్తెర, స్కేలు చాలు. ఒక్క మిల్లీమీటరు వానంటే చదరపు మీటరుకు లీటరు నీళ్లు. ఇది చేతులారా కొలిచిన పిల్లవాడు ఏ ఆడియోకూ బెదరడు. సీసా అడుగు ఎగుడుదిగుడుగా ఉంటే కొలత తప్పుతుందని, గులకరాళ్లు వేసి, గీత దాకా నీళ్లు నింపి, అక్కడే సున్నా పెట్టాడు మా ఎనిమిదో తరగతి అబ్బాయి. ఎవరూ చెప్పలేదు! అదే క్లాసు అమ్మాయి మొంథా రోజు గొడుగు పట్టుకొని మూడు గంటలకోసారి కొలత రాసింది. సిరా అలుక్కుపోయిన ఆ నోటుబుక్కు నా టేబుల్ మీదే ఉంది, ఫీజు కట్టడానికొచ్చిన వాళ్లకు కూడా చూపిస్తున్నాను.

ఇద్దరు పిల్లల సీసాలు మాత్రం ఇంట్లోవాళ్లు చెత్తబండిలో వేశారట. మీ పనుల ఒత్తిడి నాకు తెలుసు. అయితే రాత్రి 11:40కి ఆడియో ఫార్వర్డ్ చేసే తీరిక ఉన్నవారికి, పొద్దున సీసాలో గీత చూడటానికి అర నిమిషం దొరక్కపోదు. ఆ ఫార్వర్డ్‌లలో కొన్ని మీరు పంపినవి కావనీ, ఫోను ఆ టైముకు ఎవరి చేతిలో ఉందో కూడా నాకు తెలుసు.

ప్రోగ్రెస్ కార్డులు సంతకం చేసి పంపండి, బస్సు ఫీజు ఈ నెలాఖరులోగా కట్టండి.

గురువారం రాని వాళ్లకు ఆ రోజు లెక్కల పాఠం శనివారం మధ్యాహ్నం మళ్లీ చెప్తున్నాం. లంచ్ బాక్స్ పెట్టి పంపండి.

మీ
ప్రధానోపాధ్యాయుడు