మన హోటళ్లు, టిఫిన్ సెంటర్ల సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాది ఏం చేశామంటే

సభ్యులందరికీ నమస్కారం. ప్రతి ఏడూ జూన్ 5న, పర్యావరణ దినోత్సవం రోజు, మొక్కలు నాటి ఫొటో దిగి వచ్చేసేవాళ్లం, ఈసారి జనరల్ బాడీలో అందరం గట్టిగా అనుకున్నాం, పర్యావరణం సంగతి మన పొయ్యి దగ్గర, సరుకుల చిట్టాలో, రోజువారీ లెక్కల్లో ఉండాలి అని.

ముందుగా మూకుడులో నూనె. నూనె పదేపదే కాగితే అందులో పెరిగే చెడు పదార్థాలు, అంటే టోటల్ పోలార్ కాంపౌండ్స్, 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రూల్ 2018 జూలై 1 నుంచే ఉంది, కానీ మనలో చాలామంది రంగు చూసి, వాసన చూసి, ఇంకో వాయి వేసేద్దాంలే అనేవాళ్లమే. అందుకే సంఘం డబ్బుతో ఒక మీటర్ కొన్నాం, వేడి నూనెలో ముంచితే నంబర్ చూపిస్తుంది, శాతం ఎక్కువైతే ఎర్ర లైటు. మొదటిరోజు సాయంత్రం మన సభ్యుడి పునుగుల బండి దగ్గర ముంచితే ఎర్ర లైటే వెలిగింది, ఆ అన్న ఒక్క మాట కూడా అనకుండా స్టవ్ కట్టేసి, చల్లారాక నూనెంతా క్యాన్‌లోకి వంపేశాడు. ఆ పక్కనే స్కూల్ పిల్లలు ప్లేట్లు పట్టుకుని నిలబడి ఉన్నారు, చూసిన మా అందరికీ మనసు చివుక్కుమంది. ఇప్పుడు వాడేసిన నూనె బయోడీజిల్ తయారుచేసేవాళ్లకి అమ్ముతున్నాం, కాలవలో పోసే పని తప్పింది, నాలుగు డబ్బులూ వస్తున్నాయి. ఇంకొంచెం ఎక్కువ రేటిస్తాం, మళ్లీ వేపుళ్లకి వాడుకుంటాం అని ఎవరైనా అడిగితే మాత్రం దయచేసి ఇవ్వొద్దు.

ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు 2022 జూలై 1 నుంచే బ్యాన్, అవి దాదాపు మానేశాం. పేపర్ కప్పు వాడితే సరిపోతుందనుకుంటాం గానీ దాని లోపల కూడా సన్నటి ప్లాస్టిక్ పూత ఉంటుంది, అందుకని టీకి మళ్లీ గాజు గ్లాసులే పెట్టాం, కడిగే మనిషికి జీతం పెరిగింది, కప్పుల ఖర్చు తగ్గింది. పాడేరు వైపు నుంచి అడ్డాకుల విస్తర్లు తెప్పించాం, వెదురు పుల్లలతో కుట్టినవి, ఏజెన్సీలో ఆకు కోసే ఆడవాళ్లకి నాలుగు రూపాయలు వెళ్తాయి. వానాకాలంలో ఒక లోడు బూజు పట్టింది, తప్పు మనదే, గోనెసంచుల్లో అలాగే వదిలేశాం.

సాంబార్ పార్సిల్ ఒక్కటే తేల్చలేకపోయాం. పొగలు కక్కే సాంబార్ పల్చటి కవర్లో పోసి రబ్బర్ బ్యాండ్ వేస్తున్నాం ఇంకా, అది నాకు అస్సలు నచ్చట్లేదు. క్యారేజీ తెచ్చుకున్నవాళ్లకి 5 రూపాయలు తగ్గిద్దామని ప్రపోజల్ పెడుతున్నాం, వచ్చే మీటింగ్‌లో మీ మాట చెప్పండి.

మీటర్ ట్రెజరర్ గారి దగ్గరే ఉంది, కావాల్సినవాళ్లు ముందురోజు ఫోన్ చేసి తీసుకెళ్లండి, వాడాక తుడిచి ఇవ్వండి.