హెరెరో, నామా వారసులను చర్చలకు పిలవండి: జర్మనీ విదేశాంగ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

హాంబర్గ్‌లో ఉద్యోగం చేసుకుంటూ మీ దేశానికి పన్ను కడుతున్న తెలుగువాడిని నేను. 1904లో వేలాది జర్మన్ సైనికులు ఈ నగరంలోని బాకెన్‌హాఫెన్ రేవులోనే ఓడలెక్కి, అప్పట్లో జర్మనీ వలసగా ఉండి, నేడు నమీబియాగా పిలుస్తున్న నేలకు వెళ్లారు. అక్కడి హెరెరో, నామా జాతుల మీద జరిగిన మారణకాండకు మీ ప్రభుత్వం ఇప్పటికీ సరైన జవాబు చెప్పలేదు. తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, మా పిల్లలు ఎంతోమంది చదువుల కోసం జర్మనీ వస్తున్నారు. ఈ చరిత్ర వాళ్లకూ తెలియాలి.

భూమి, పశువులు ఒక్కొక్కటిగా జర్మన్ వలసదారుల పాలవుతుంటే 1904 జనవరిలో హెరెరోలు తిరగబడ్డారు. వందమందికి పైగా జర్మన్లు చనిపోయారు. అయితే స్త్రీల మీద, పిల్లల మీద, మిషనరీల మీద చెయ్యి చేసుకోవద్దని హెరెరో నాయకుడు సామ్యూల్ మహరెరో తన వాళ్లను ముందే ఆదేశించాడు. బెర్లిన్ పంపిన జనరల్ లోథార్ ఫాన్ ట్రోథాకు అలాంటి పట్టింపులేవీ లేవు. ఆగస్టు 11న వాటర్‌బెర్గ్ దగ్గర యుద్ధం ముగిశాక, ఆలుబిడ్డలతో, పశువులతో పారిపోతున్న జనాన్ని ఒమహెకె ఎడారిలోకి తరిమి, నీటి చెలమల దగ్గర కాపలా పెట్టించాడు. దాహంతోనే వేలమంది చనిపోయారు. అక్టోబరు 2న లిఖితపూర్వకంగా ఆజ్ఞ జారీ చేశాడు: జర్మన్ సరిహద్దు లోపల కనబడిన ప్రతి హెరెరోనూ, తుపాకి ఉన్నా లేకున్నా, కాల్చివేయాలి, స్త్రీలను, పిల్లలను కూడా ఇక చేరదీసేది లేదు.

డిసెంబరులో ఆ ఆజ్ఞను వెనక్కి తీసుకున్నారు. దాని స్థానంలో వచ్చినవి నిర్బంధ శిబిరాలు. ల్యూడెరిట్జ్ తీరాన షార్క్ ఐలాండ్‌లో, అట్లాంటిక్ చలిగాలికి ఒంటిమీద సరైన గుడ్డ లేకుండా, అర్ధాకలితో, రేవు పనుల్లో, రైలు మార్గం పనుల్లో ఖైదీలు కూలిపోయారు. 1904లోనే పోరులోకి దిగిన నామాల నాయకుడు హెండ్రిక్ విట్‌బోయ్ 1905లో యుద్ధంలో మరణించాడు. మరో నాయకుడు కార్నేలియస్ ఫ్రెడరిక్స్ 1907లో ఆ ద్వీపంలోనే ప్రాణం విడిచాడు. చనిపోయినవారి పుర్రెల మీది మాంసాన్ని గాజుపెంకులతో గీకి శుభ్రం చేసే పని ఖైదీ స్త్రీలతోనే చేయించారు. ఆ పుర్రెలను జాతుల పరిశోధన పేరుతో జర్మనీకి పంపారు. యుద్ధానికి ముందు హెరెరోలు సుమారు 80,000 మంది ఉండేవారని అంచనా. 1911 జనగణనలో తేలినవారు 15,130 మంది. నామాల్లో దాదాపు సగం మంది నశించారు.

2021 మేలో మీ ప్రభుత్వం దీన్ని 'నేటి దృష్టితో చూస్తే' జాతి సంహారమని ఒప్పుకుంది. ఆ షరతు అక్కడ ఎందుకుందో న్యాయవాదులందరికీ తెలుసు. జాతి సంహారాన్ని నేరంగా ప్రకటించిన 1948 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం అంతకు ముందు జరిగిన నేరాలకు వర్తించదని, కాబట్టి పరిహారం బాధ్యత లేదని చెప్పడానికే. మంత్రి గారూ, నాటి దృష్టితోనే చూద్దాం. ట్రోథా ఆజ్ఞ క్రైస్తవ ధర్మానికీ మానవత్వానికీ విరుద్ధమని చక్రవర్తికి విన్నవించింది స్వయంగా మీ ఛాన్సలర్ బ్యూలో. పార్లమెంటులో సోషల్ డెమోక్రాట్ల నాయకుడు ఆగస్ట్ బేబెల్ ఆ యుద్ధాన్ని తీవ్రంగా ఖండించాడు. యుద్ధానికి అదనపు నిధులు ఇవ్వబోమని సభ తిరస్కరిస్తే, 1906 డిసెంబరులో సభనే రద్దు చేశారు. తెలియక చేశామని చెప్పుకునే వీలు ఆనాడే లేదు.

ఇప్పుడు నన్ను ఎక్కువగా బాధిస్తున్న విషయానికి వస్తాను. నమీబియా ప్రభుత్వంతో మాట్లాడాం కదా అంటారు మీరు. హెరెరో, నామాల సంప్రదాయ నాయకత్వ సంస్థలు మాత్రం తమను ఆ చర్చల్లో సరిసమానంగా కూర్చోనివ్వలేదని మొదటి నుంచీ చెబుతున్నాయి. ఆ రెండు జాతులూ నేడు నమీబియాలో అల్పసంఖ్యాకులు. ఎందుకు అల్పసంఖ్యాకులయ్యారు? మీ సైన్యం చంపినందువల్ల. చంపి సంఖ్య తగ్గించి, ఆ తగ్గిన సంఖ్య కారణంగా బల్ల దగ్గర చోటు లేకుండా చేయడం అన్యాయం మీద మరో అన్యాయం. ఎడారి దాటి బోట్స్వానాలో తలదాచుకున్నవారి సంతతి సంగతి మరీ దారుణం. వాళ్ల తరఫున మాట్లాడటానికి ఏ ప్రభుత్వమూ లేదు.

దీనికి దారి మీ చరిత్రలోనే ఉంది. 1952 లక్సెంబర్గ్ ఒప్పందంలో పశ్చిమ జర్మనీ ఇజ్రాయెల్‌తో పాటు, బాధిత యూదుల తరఫున ఏర్పడిన క్లెయిమ్స్ కాన్ఫరెన్స్‌తో కూడా సంతకాలు చేసింది. యూదుల మీద నాజీల నేరం జరిగిన నాటికి ఇజ్రాయెల్ అనే దేశమే లేదు. అయినా చట్టం అడ్డురాలేదు, ఎందుకంటే నాటి ఛాన్సలర్ అడెనావర్ ప్రభుత్వం అడ్డురానివ్వలేదు. అప్పుడు సాధ్యమైనది ఆఫ్రికన్ల విషయంలో ఎందుకు సాధ్యం కాదో మీరు చెప్పాలి. 30 ఏళ్లలో 110 కోట్ల యూరోలు ఇస్తామని, అది పరిహారం కాదని, ఎక్కువ భాగం అభివృద్ధి పనులకని అన్నారు. పోయినవి భూములు, పశువులు, మనుషులు. నమీబియా వాణిజ్య వ్యవసాయ భూమిలో సుమారు 70 శాతం ఈనాటికీ తెల్లవారి చేతుల్లో ఉంది. అభివృద్ధి సాయం ఏ దేశానికైనా చేయవచ్చు. పరిహారం మాత్రం నష్టపోయినవారికే చెల్లాలి.

జలియన్‌వాలా బాగ్ కాల్పులకు వందేళ్లయినా బ్రిటన్ 'విచారం' దగ్గరే ఆగిపోయింది. అందుకే ఈ పదాల తూకం మాకు బాగా తెలుసు.

2021 ప్రకటనను పక్కన పెట్టి, హెరెరో, నామాలు తాము ఎంచుకున్న ప్రతినిధులతో, బోట్స్వానా, దక్షిణాఫ్రికాల్లోని వారి సంతతితో సహా, మళ్లీ చర్చలు మొదలుపెట్టమని కోరుతున్నాను. మీ మ్యూజియాల్లో, విశ్వవిద్యాలయాల్లో ఇంకా మిగిలిన అస్థికల పూర్తి జాబితాను ఆ చర్చలకు ముందే బయటపెట్టండి. చర్చలకు వాళ్లను ఎప్పుడు పిలుస్తారో తేదీ ప్రకటించండి.

ఇట్లు,
హాంబర్గ్‌లో నివసిస్తున్న ఒక తెలుగువాడు