విషయం: చాయ్ తాగిందని ఆపరేషన్ వాయిదా వేసి, ఆ రోజు ఖర్చు మా మీదే వేయడం గురించి

హాస్పిటల్ యాజమాన్యానికి,
ప్రధాన కార్యాలయం, హైదరాబాద్.

అయ్యా / అమ్మా,

మీ నల్గొండ బ్రాంచిలో పోయిన నెల మా అమ్మకు పిత్తాశయంలో రాళ్లకు ల్యాప్రోస్కోపీ (చిన్న రంధ్రాలతో చేసే) ఆపరేషన్ అయింది. ఆపరేషన్ చేసిన డాక్టరు గారి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఒక రోజు ఆలస్యంగా చేశారు, ఆ ఆలస్యానికి కారణం మా అమ్మేనని కేస్ షీట్‌లో రాశారు. నా గొడవ దాని గురించే.

ముందురోజు రాత్రి తొమ్మిదింటికి నర్సు గారు వచ్చి, మంచం తలవైపు నిలబడి, "రేపు సర్జరీ అమ్మా, ఎన్‌పీవో ఉండాలి, పన్నెండు తర్వాత ఏమీ తీసుకోవద్దు" అని చెప్పి వెళ్లారు. మాది మర్రిగూడ మండలం. అక్కడి ఫ్లోరైడ్ నీళ్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగి ఎముకలు బిగుసుకుపోయి, అమ్మకు మెడ పక్కకు తిరగదు. తలవైపు నిలబడ్డవాళ్ల ముఖం ఆమెకు కనబడదు, గొంతు మాత్రమే వినబడుతుంది. ఎన్‌పీవో అంటే నోటితో ఏమీ తినకూడదు, తాగకూడదు అని. అది ఆమెకు తెలియదు. ఇక "తీసుకోవద్దు" అన్న మాట. మా దిక్కు తీసుకునుడంటే ఇంకొకరి చేతిలోంచి అందుకునుడు. తెల్లవారుజామున పక్క మంచం వాళ్లు అరటిపండు ఇస్తే అమ్మ తీసుకోలేదట. "సిస్టరమ్మ వద్దన్నది, నేను ముట్టలే" అని నాతో గొప్పగా చెప్పింది. ఆరింటికి ఫ్లాస్కు పట్టుకుని చాయ్ అబ్బాయి వస్తే మాత్రం, తన కొంగు ముడి విప్పి, తన పైసలతో ఒక కప్పు కొనుక్కుని తాగింది.

ఎనిమిదింటికి ఇంకో నర్సు గారు వచ్చి "ఏమన్నా తిన్నారా?" అని అడిగారు. "లేదు బిడ్డా" అంది అమ్మ. అది అబద్ధం కాదు. మా ఊళ్లో తినుడంటే బువ్వ, చాయ్‌ది తాగుడు లెక్క. తొమ్మిదిన్నరకు థియేటర్ తలుపు దగ్గర మత్తు డాక్టరు గారు "చాయ్ గిట్ల తాగినవా అమ్మా?" అని అడిగితే, దాచకుండా "పొద్దుగాల ఒక్క కప్పు" అని చెప్పింది. ఆపరేషన్ మరుసటి రోజుకు పోయింది.

డాక్టరు గారు ఆపింది సరైన పనే. పాలు కలిసిన చాయ్ తాగితే గట్టి తిండికి లాగానే 6 గంటలు ఆగాలని, మత్తులో ఉన్నప్పుడు కడుపులోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుందని ఆయనే నాకు వివరించారు. అదే సంగతి రాత్రే అమ్మకు చెప్పి ఉంటే చాలు. చాయ్ కాదు కదా, గుటక కూడా మింగకపోయేది. మగవాళ్లను రాత్రిపూట ఆడవాళ్ల వార్డులో ఉండనివ్వరు కాబట్టి నేను కింద హాల్లో పడుకున్నాను. నాకైనా ఎవరూ చెప్పలేదు.

కేస్ షీట్‌లో మాత్రం "పేషెంటు సూచనలు పాటించలేదు" అని రాసి ఉంది. బిల్లులో ఆ రోజుకు గది 2,800, డాక్టరు విజిట్ 700, నర్సింగ్ ఛార్జీలు 600, మొత్తం 4,100 రూపాయలు. నర్సింగ్ ఛార్జీలు అన్న వరస చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆపరేషన్ అయిన సాయంత్రం ఇంకొకటి జరిగింది. ఒక నర్సు గారు తలుపు దగ్గర నుంచే "నొప్పి ఎట్లుందమ్మా?" అని అడిగారు. "బాగనే ఉంది" అంది. మామూలుగా నల్గొండలో పుట్టినవాళ్లెవరికైనా ఆ మాట అర్థమవుతుంది: నొప్పి బాగా ఉందని. షీట్‌లో "నొప్పి లేదు" అని పడింది. రాత్రి పదకొండుకు పక్క మంచం వాళ్లు నాకు ఫోన్ చేశారు, కొంగు నోట్లో కుక్కుకుని పడుకుందని.

ఆ రాత్రి డ్యూటీలో ఉన్న నర్సమ్మ గురించి కూడా రాయాలి, లేకపోతే ఈ ఉత్తరం అన్యాయమవుతుంది. ఆమె ఒక్కరే పద్నాలుగు మంచాలు చూస్తున్నారు. అయినా స్టూల్ లాక్కుని అమ్మకు ఎదురుగా కూర్చున్నారు. "మంట పెడుతుందా, సలుపుతుందా, గుంజుతుందా? యాడ?" అని అడిగారు. కడుపు కాదు, కుడి భుజం గుంజుతోందట. అమ్మ గుండె అనుకుని భయపడి, చెప్పడానికి కూడా జంకింది. "ఆపరేషన్‌ల కడుపులకు గ్యాస్ నింపుతరమ్మా, అది కొంచెం మిగిలితే భుజంల గుంజుతది, రెండు మూడు రోజులల్ల పోతది" అని చెప్పి సూది వేశారు. పోయే ముందు "మల్ల నొప్పి లేస్తే ఏం జేస్తవు? నాకు చెప్పు" అని అమ్మతోనే చెప్పించారు. బెల్ ఎక్కడుందో అమ్మ చేతితో చూపించింది. మొత్తం నాలుగు నిమిషాలు పట్టి ఉంటుంది. ఇట్లా పేషెంటుతోనే తిరిగి చెప్పించడాన్ని టీచ్ బ్యాక్ అంటారట. మీ వార్డులో ఒక్కరికి వచ్చిన పని మిగతావాళ్లకు ఎందుకు నేర్పలేదు?

జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో, రోగికి తెలిసిన భాషలో, అర్థమయ్యే తీరులో చెప్పాలని ఉంది. మా అమ్మ తెలుగే మాట్లాడుతుంది, మీ నర్సులూ తెలుగువాళ్లే. అయినా మాట అందలేదు.

నేను కోరేవి ఇవి. ఆ 4,100 వాపసు ఇవ్వండి. కేస్ షీట్‌లో ఆ వాక్యం పక్కన, థియేటర్ తలుపు దాకా చాయ్ గురించి ఎవరూ అడగలేదని రాయండి. షీట్ నకలు నాకు పంపండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్యుల నియమావళిలోనే ఉంది, నేను అడిగి పదకొండు రోజులైంది. ఆపరేషన్ ముందు అడిగే ప్రశ్నల కాగితం మీద "తిన్నారా" అన్నచోట "చాయ్, పాలు, నీళ్లు, గోలీలు, తంబాకు" అని ఒక్కొక్కటీ పేరు పెట్టి రాయించండి. పద్నాలుగు మంచాలకు ఒక్కరినే వేసి, నర్సులను మాత్రం నిందించకండి.

పదిహేను రోజులు చూస్తాను. జవాబు రాకపోతే నల్గొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. ఈ ఉత్తరం నకలు బ్రాంచి మేనేజర్ గారికి కూడా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకున్నాను.

ఇట్లు,
ఆడవాళ్ల వార్డు, 9వ నంబరు మంచం పేషెంటు కొడుకు,
నల్గొండ.