ఈ వారం ధ్యానం: బైబిల్లో కొలొస్సయులకు రాసిన పత్రిక, 3వ అధ్యాయం, 1–14 వచనాలు

అందరికీ ప్రభువు నామంలో వందనాలు 🙏

శనివారం సాయంత్రం 7 గంటలకు కలుస్తున్నాం. అప్పటివరకు రోజూ ఉదయం ఈ 14 వచనాలూ చదవండి, నెమ్మదిగా, వీలైతే పైకి.

8వ వచనంలో విడిచిపెట్టాల్సినవి అయిదు ఉన్నాయి: కోపం, ఆగ్రహం, దుష్టత్వం, దూషణ, బూతులు. వీటిలో ఒక్కటే ఎంచుకోండి. అన్నీ ఒకేసారి పట్టుకుంటే మూడో రోజుకే నీరసం వచ్చి వదిలేస్తాం. 12వ వచనం నుంచి దాని స్థానంలో ధరించుకోవాల్సిన మంచి గుణం కూడా ఒకటి తీసుకోండి. కోపం ఎంచుకున్నవాళ్లకు దీర్ఘశాంతం, అంటే ఓర్పు, సరిపోతుంది. మానేయడం మీదే దృష్టి పెడితే ఆ ఖాళీలోకి పాత అలవాటే తిరిగొస్తుంది.

పడుకునే ముందు 5 నిమిషాలు: ఈరోజు ఎవరితో మాట తూలాను? ఎందుకు? ప్రభువు దగ్గర ఒప్పుకోండి. అవతలివాళ్లను నొప్పించి ఉంటే మర్నాడే వెళ్లి క్షమాపణ అడగండి. 13వ వచనం చెప్పేది అదే కదా, ఒకరినొకరు క్షమించుకోమని.

1–4 వచనాలు మాత్రం దాటేయకండి, దయచేసి. క్రీస్తుతో కూడా కొత్త జీవానికి లేపబడ్డాం కాబట్టే ఇదంతా. అది మరిస్తే మిగిలేది సొంత బలంతో పెనుగులాట, ఆ తర్వాత నిరాశ.

ఒకరోజు తప్పితే మర్నాడు రెట్టింపు చదవనక్కర్లేదు, కొనసాగించండి.

ఇంకొకరి తప్పులు, పేర్లు గ్రూప్‌లో పెట్టొద్దు. వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోగా 'వస్తాను' అని పెట్టండి. బైబిల్, పెన్ను మర్చిపోకండి!