ట్రాకియాస్టమీ: సంతకానికి ముందూ, ఇంటికి పంపే ముందూ

సంపాదకులకు,

ఐసీయూ తలుపు దగ్గరికి పిలిచి, "గొంతు దగ్గర రంధ్రం చేసి గొట్టం వేయాలి, ఇక్కడ సంతకం పెట్టండి" అని కాగితం చేతికిచ్చినప్పుడు బంధువుల ముఖాలు ఎలా పాలిపోతాయో, ఇరవై ఆరేళ్లు ఐసీయూలో స్టాఫ్ నర్సుగా పనిచేసిన నేను లెక్కలేనన్ని సార్లు చూశాను. "గొంతు కోస్తారట" అన్న కబురు ఫోన్లలో ఊరు చేరేసరికి "మనిషి దక్కడట" అయి కూర్చుంటుంది. నిజానికి రోగి కోలుకుంటాడన్న ఆశ ఉండి, వెంటిలేటరు తీయడానికి మాత్రం ఇంకా చాలా రోజులు పట్టేలా ఉన్నప్పుడే వైద్యులు సాధారణంగా ఈ ట్రాకియాస్టమీ మాట ఎత్తుతారు.

పురుగుమందు తాగి వచ్చేవారినే తీసుకుందాం. ఆర్గానోఫాస్ఫేట్ మందు తాగిన కొందరికి మొదటి గండం గడిచిందనుకున్నాక, ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ కండరాలూ ఊపిరి కండరాలూ పట్టు తప్పి, దిండు మీది నుంచి తల ఎత్తలేని స్థితి వస్తుంది. తిరిగి శక్తి రావడానికి వారాలు పట్టవచ్చు. నోటి గుండా వేసిన గొట్టం స్వరతంత్రుల మధ్య నుంచి పోతుంది కనుక అన్నాళ్లు ఉంటే అక్కడ ఒరుసుకుని పుండ్లు పడతాయి, దాన్ని భరించడానికి మత్తు కూడా ఇవ్వాలి. అదే గొట్టం స్వరతంత్రులకు దిగువన ఉంటే మత్తు తగ్గించవచ్చు, నోరు శుభ్రం చేయవచ్చు, రోగిని లేపి కూర్చోబెట్టవచ్చు.

ఇందుకు వెంటిలేటరుతో సహా రోగిని థియేటరుకు తరలించాల్సిన అవసరం ఇప్పుడు చాలామందికి లేదు. అమెరికన్ సర్జన్ పాస్క్వాలే సియాగ్లియా 1985లో వెల్లడించిన పద్ధతిలో శ్వాసనాళంలోకి సూది దింపి, దాని గుండా సన్నని తీగ పంపి, ఆ దారినే వెడల్పు చేసి గొట్టం అమరుస్తారు. మంచం దగ్గరే అయిపోతుంది. మెడలో పెద్ద థైరాయిడ్ గడ్డ ఉన్నవారికీ, రక్తం సరిగా గడ్డకట్టనివారికీ ఇది వేరే లెక్క. రక్తస్రావం, గొట్టం జారిపోవడం వంటి ప్రమాదాలు ఎవరికైనా ఉన్నవే. వాటిని దాచకుండా చెప్పాలి.

సమయం గురించి కూడా ఒక మాట. బ్రిటన్‌లో 909 మందిపై జరిగి 2013లో ప్రచురితమైన ట్రాక్‌మ్యాన్ అధ్యయనంలో, నాలుగు రోజుల్లోపు చేసినా పది రోజుల తర్వాత చేసినా మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆగి చూసిన వర్గంలో సగానికి పైగా రోగులకు అసలు ట్రాకియాస్టమీ చేయనే లేదు. కాబట్టి "మా అన్నయ్య రేపు వస్తాడు, అడిగి చెప్తాం" అన్న కుటుంబాన్ని కసురుకోవాల్సిన పని లేదు.

నా అసలు బాధ డిశ్చార్జి గురించి. గొంతులో గొట్టంతోనే ఇంటికి వెళ్లిన ఒకాయనను నాలుగో రోజున ఆయాసంతో తిరిగి తీసుకొచ్చారు. ఆయన భార్య "రోజూ రెండు పూటలా శుభ్రం చేస్తూనే ఉన్నానమ్మా" అంటూ ఏడ్చింది. చేసిన మాట నిజమే, గొట్టం చుట్టూ చర్మం మీద మరక కూడా లేదు. లోపల మరో గొట్టం ఉంటుందనీ, దాన్ని తిప్పి బయటికి తీసి కడగాలనీ ఆమెకు ఎవరూ చెప్పలేదు. తీసి చూస్తే ఎండిన కఫం బిరడాలా బిగుసుకుపోయి ఉంది. అది బయటికి రాగానే ఆయన ఊపిరి ఆడింది.

అంగీకార పత్రం తెలుగులో ఉండాలనీ, గొట్టం ఉన్నన్నాళ్లూ మాట రాకపోవచ్చని ముందే చెప్పాలనీ, ఇంటికి పంపే ముందు రోగిని చూసుకునే మనిషి చేత నర్సు ఎదుట కనీసం రెండుసార్లు లోపలి గొట్టం తీయించి, కడిగించి, కఫం లాగే సక్షన్ పట్టించాలనీ రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఆ పని చేసి చూపించినవారి పేరు రాయడానికి డిశ్చార్జి కాగితంలో ఒక గీత గీసి ఉంచితే సరిపోతుంది.

— విశ్రాంత స్టాఫ్ నర్సు, గుంటూరు