ఇంటి ఖర్చు గురించి పెద్దబ్బాయికి

చిరంజీవి పెద్దబ్బాయికి మీ నాయన ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ నేనూ మీ అమ్మా క్షేమంగా ఉన్నాము. కోడలు పిల్లకు, మనవరాలికి, చిన్నవాడికి మా ఆశీస్సులు చెప్పు. నెలలో ఇరవయ్యో తేదీ దాటితే చేతిలో పైసలు ఆడటం లేదనీ, కిరాయి, పాలు, డాక్టరు ఖర్చులు పోను ఏమీ మిగలడం లేదనీ, అందుకే ఇంటిఖర్చు తగ్గించమని కోడలికి గట్టిగా చెప్పాననీ మొన్న ఫోనులో అన్నావు. ఆ చివరి మాట నాకు నచ్చలేదు. ఫోనులో చెబితే సగం మాటలు నీ చెవికి చేరవు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. దీన్ని ఆమెను పక్కన కూర్చోబెట్టుకొని చదువు.

ఏ సంసారంలోనైనా కడుపు కోసం పెట్టే ఖర్చు ఒకటి, నలుగురి కళ్ల కోసం పెట్టే ఖర్చు ఇంకొకటి ఉంటాయి. ఇబ్బంది రాగానే మనిషి ముందుగా కడుపు ఖర్చుకే కోత పెడతాడు, ఎందుకంటే అది బయటికి కనిపించదు. మీ ఇంట్లో పావు లీటరు పాలు తగ్గితే వీధిలో ఎవరికీ తెలియదు గానీ, చిన్నవాడి మొదటి పుట్టినరోజుకు ఫంక్షన్ హాలు తీసుకోకపోతే బంధువులందరికీ తెలుస్తుంది. అందుకే పాలు తగ్గుతాయి, హాలు మాత్రం తగ్గదు. కోత పైనుంచి మొదలుకావాలి, పిల్లల కంచం దాకా రాకూడదు అన్నదే నేను చెప్పదలచుకున్నది. మిగతాదంతా దాని వివరమే.

ముందు కిరాణా సంగతి చెబుతాను, ఎందుకంటే బాదేపల్లి హోల్‌సేల్ దుకాణంలో గుమాస్తాగా నా జీవితం గడిచింది కాబట్టి ఆ విద్య నాకు కొద్దిగా తెలుసు. మీ గల్లీ చివరి దుకాణంలో నీకు ఉద్దెర ఖాతా ఉందని విన్నాను. ఖాతా ఉన్నవాడు ధర అడగడు. నగదు ఇచ్చేవాడు కందిపప్పు కిలో ఎంత అని అడిగి, అరచేతిలో పోసుకొని, పుల్లలూ పుచ్చులూ ఉన్నాయా అని చూసి, నచ్చకపోతే పక్క దుకాణానికి పోతాడు. ఖాతాదారు మాత్రం చీటీ రాసి పిల్లవాడి చేతికిచ్చి పంపుతాడు, దుకాణదారు ఏది కడితే అది తీసుకుంటాడు, నెలాఖరున పుస్తకంలో కూడిన మొత్తం చూసి గతుక్కుమంటాడు. దుకాణదారు మోసగాడు కానక్కరలేదు, పైసలు నెల తర్వాత వచ్చే సరుకు మీద అతను తన వడ్డీ కలుపుకోక తప్పదు. కాబట్టి మొదటి పని ఆ ఖాతా తీర్చేయడం. ఒకేసారి తీర్చలేకపోతే పాత బాకీని మూడు నెలల్లో కొంచెం కొంచెంగా కట్టు, కొత్త సరుకు మాత్రం ఈ నెల నుంచే నగదుకు తీసుకో.

రెండోది, ఏ సరుకు ఎప్పుడు కొనాలన్నది. కొత్త కందులు మార్కెట్ యార్డుకు డిసెంబరు, జనవరి నెలల్లో రావడం మొదలవుతుంది. చింతపండు, ఎండుమిరపకాయలు ఎండాకాలం ముదిరేలోపు వస్తాయి. పంట దిగినప్పుడు సాధారణంగా ఉండే ధర వానాకాలానికి ఉండదు. మన పాలమూరు ఇళ్లలో ఏడాది పప్పు, ఏడాది కారం ఒకేసారి చేసి పెట్టుకోవడం వెనక ఉన్న లెక్క ఇదే. కిరాయి ఇంట్లో అంత చోటు లేదంటావేమో, నలుగురికి ఏడాది పప్పు రెండు పెద్ద డబ్బాలకు మించదు. బియ్యం కొంటే పాతవి కొను. కిలోకు కాస్త ఎక్కువైనా పాత బియ్యం బాగా ఒదుగుతాయి, అన్నం ముద్దకట్టదు, పారబోసేది తగ్గుతుంది. మీ రేషన్ కార్డు మీద 2025 ఉగాది నుంచి మనిషికి ఆరు కిలోల చొప్పున సన్నబియ్యం ఇస్తున్నారు కదా. దాన్ని అమ్ముకొని మళ్లీ బయట బియ్యం కొనేవాళ్లను చూస్తే నాకు ఆశ్చర్యం వేస్తుంది. చిన్నవాడి పేరు ఇంకా కార్డులో చేరలేదని కోడలు చెప్పింది, మీ సేవలో దరఖాస్తు పెట్టడానికి ఇంకా ఆలస్యం చేయకు.

ప్యాకెట్టు సరుకు విషయంలో ఒక చిన్న సంగతి. పది రూపాయల ప్యాకెట్టు ఎప్పుడూ పది రూపాయల ప్యాకెట్టుగానే ఉంటుంది, లోపలి బరువు మాత్రం తగ్గుతూ వస్తుంది. ధర పక్కనే గ్రాముకు లేదా మిల్లీలీటరుకు ఎంత పడుతుందో సన్నని అక్షరాలతో ముద్రించి ఉంటుంది. పెద్ద ప్యాకెట్టు చవక అనుకొని కొంటాం గానీ, ఆ అంకె చూస్తే కొన్నిసార్లు చిన్నదే చవకగా తేలుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఒంటి సబ్బులు, తలనూనె, పళ్ల పేస్టు మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, చంటిపిల్లల డైపర్ల మీద 12 నుంచి 5కు తగ్గింది. పాత ధరకే కట్టబెడుతున్నారేమో చూసి తీసుకోండి. డైపర్లు అసలు పగలు ఎందుకో నాకు అర్థం కాదు. ఇంట్లో ఉన్నంతసేపు పాత నూలు చీర చింపిన లంగోటాలు చాలవా, డైపరు రాత్రికీ ప్రయాణానికీ పెట్టుకుంటే సరిపోతుంది. అయితే ఆ లంగోటాలు ఉతికే పనిలో నువ్వు కూడా చేయి వేయాలి, లేకపోతే పొదుపు నీదీ చాకిరీ ఆమెదీ అవుతుంది.

కరెంటు విషయంలో జాగ్రత్త ఒక్కటే ఉంది. మన తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడితే సున్నా బిల్లు వస్తుంది, దాటితే మొత్తం బిల్లు మనమే కట్టుకోవాలి. అంటే చివరి పది యూనిట్లు మొదటి రెండు వందల కంటే ఖరీదైనవి. వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు నడిస్తే ఒక యూనిట్. పాత రకం ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. పిల్లలున్న ఇంట్లో రెండు ఫ్యాన్లు రోజుకు పదహారు గంటలు తిరిగితే నెలకు 72 యూనిట్లు వాటికే పోతాయి. కొత్తగా వస్తున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దగ్గర నడుస్తుంది కాబట్టి అదే పని 29 యూనిట్లలో అయిపోతుంది. మే నెలలో కూలరు పెట్టినప్పుడు మీరు గీత దాటేది ఈ తేడాతోనే. పడకగదిలో ఒక్క ఫ్యాను మార్చు, బిల్లు కొట్టిన పదిహేనో రోజున మీటరు చూసి క్యాలెండరు మీద రాసుకో, వంద దాటి ఉంటే మిగతా సగం నెల జాగ్రత్త పడవచ్చు. గ్యాసు గురించి కోడలికి నేను చెప్పేదేమీ లేదు, పప్పు నానబెట్టి ఉడికించడం ఆమెకు మీ అమ్మ కంటే బాగా తెలుసు. ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టుకు పైసలు కట్టే పని లేదు కాబట్టి నాగర్‌కర్నూలు పుట్టింటికి కారు మాట్లాడే అలవాటు కూడా మానుకోండి.

ఇక పొదుపు చేయకూడని చోట్ల గురించి. వాటర్ క్యాన్ ఖర్చు తప్పించడానికి బోరు నీళ్లు కాచి తాగుతున్నామని అన్నావు. ఈ మాట విన్న రోజు మీ అమ్మకు నిద్ర పట్టలేదు. ఆమె పుట్టినిల్లు నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు. ఆ ఊళ్లలో ఫ్లోరైడు నీళ్లు పళ్ల మీద గోధుమరంగు చారలతో మొదలై, నడుము వంచి, కాళ్లు వంకర చేసి మనుషులను మంచానికి అంటించిన సంగతి నీకూ తెలుసు, మీ పెద్దమామ మెడ తిప్పలేక మనిషి మొత్తం తిరిగి చూడటం నువ్వు చిన్నప్పుడు చూశావు. నీళ్లు కాస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో అది ఇంకా చిక్కబడుతుంది. ఎముకలు, పళ్లు ఏర్పడే వయసులో పిల్లలకు దాని హాని ఎక్కువ. మీ వీధి బోరులో అది ఎంత ఉందో పరీక్ష చేయించేదాకా తాగడానికే కాదు, వంటకు కూడా ప్రభుత్వం ఇచ్చే మిషన్ భగీరథ నల్లా నీళ్లే పట్టుకోండి. అవి రాని రోజు క్యాన్ తెచ్చుకోండి. ఇరవై లీటర్ల క్యాన్ దగ్గర మిగిలే డబ్బు మనకు అక్కరలేదు.

చిన్నవాడికి ఆరు నెలలు నిండుతున్నాయి. ఇంతవరకు తల్లిపాలే ఇచ్చినందుకు కోడలిని మెచ్చుకోవాలి, డబ్బా పాలకు నెలకు ఎంత అయ్యేదో నీ స్నేహితులను అడుగు. ఇప్పుడు పాలతోపాటు ఉగ్గు మొదలుపెట్టాలి, దానికి కూడా రంగు డబ్బాలు అవసరం లేదు. బియ్యమూ పెసరపప్పూ కడిగి, ఆరబెట్టి, దోరగా వేయించి, రవ్వలాగా విసిరి, మెత్తగా ఉడికించి నెయ్యి వేసి పెడితే పిల్లవాడు తింటాడు. ఏడో నెల నుంచి మూడేళ్ల దాకా అంగన్‌వాడీలో నెలకు రెండున్నర కిలోల బాలామృతం అనే పిల్లల పిండి ప్యాకెట్టు, గుడ్లు ఇస్తారు. తీసుకోవడానికి నామోషీ ఎందుకు? మనవరాలికి మూడేళ్లు నిండాయి కాబట్టి ఆమెకు అక్కడే మధ్యాహ్న భోజనం పెడతారు, బడి వయసు రాకముందే వేలు పోసి ప్లేస్కూలులో వేయవలసిన తొందర నాకు కనిపించదు. టీకాల కోసం మీరు ప్రైవేటు ఆసుపత్రికి పోతున్నారు. పెంటావాలెంట్, రోటావైరస్, నిమోనియా రాకుండా వేసే పీసీవీ, తొమ్మిది నెలలు నిండాక వేసే మీజిల్స్–రుబెల్లా, ఇవన్నీ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో పైసా లేకుండా వేస్తారు. సూది వేసిన రాత్రి పిల్లలకు కాస్త జ్వరం రావడం మామూలే. కానీ పిల్లవాడు పాలు తాగడం మానేస్తేనో, ఊపిరి ఎగబోస్తేనో డబ్బు లెక్క చూడకుండా డాక్టరు దగ్గరికి పరుగెత్తు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పుట్టినరోజు ఫంక్షన్‌కు రెండు వందల మందిని పిలవాలని, చదివింపులు వస్తాయి కాబట్టి ఖర్చు తిరిగి వస్తుందని అన్నావు. చదివింపులు ఆదాయం కాదు నాయనా, అప్పు. ఎవరెంత చదివించారో మన పుస్తకంలో ఎలా ఉంటుందో వాళ్ల పుస్తకంలోనూ అలాగే ఉంటుంది, వాళ్లింట్లో పెళ్లో, గృహప్రవేశమో, ఒడిబియ్యమో వచ్చినప్పుడు దానికి నూటికి నూట పదహార్లు కలిపి తిరిగి ఇవ్వాలి. హాలు వాడూ, వంటవాడూ, డెకరేషన్ వాడూ మాత్రం ఆ రోజే పైకం తీసుకుపోతారు. నా మాట వింటే మన్యంకొండలో పుట్టువెంట్రుకలు తీయించి, మేమూ మీ అత్తమామలూ ఆడబిడ్డలూ కలిసి అక్కడే భోజనం చేద్దాం. బంధువులు ఏమనుకుంటారో అంటే, ఫంక్షన్ చేసినా కూర బాగాలేదని అనుకుంటారు. పిలవలేదని అలిగేవాళ్లకు నేను సమాధానం చెబుతాను, ఆ పని నా మీద పెట్టు.

మనవరాలి కోసం నెలనెలా బంగారం దుకాణంలో కట్టే స్కీము కూడా ఆలోచించుకో. నగ తీసుకునే రోజున తరుగు, మజూరీ, 3 శాతం జీఎస్టీ వేస్తారు. రేపు అవసరానికి అమ్మబోతే ఇందులో ఒక్కటీ తిరిగి రాదు. స్కీములో తరుగు మాఫీ అంటారు గానీ, ఎంత వరకు మాఫీయో కాగితం మీద చదివి చూడు. అదే సొమ్ము పోస్టాఫీసులో ఆమె పేరు మీద సుకన్య సమృద్ధి ఖాతాలో వేస్తే 2024 జనవరి నుంచి 8.2 శాతం వడ్డీ లెక్క కడుతున్నారు. పదేళ్ల లోపు ఆడపిల్ల పేరున తెరవవచ్చు, ఏడాదికి కనీసం 250 రూపాయలు చాలు, పదిహేనేళ్లు కడితే తెరిచిన ఇరవై ఒక్క ఏళ్లకు చేతికి వస్తుంది, పద్దెనిమిది నిండాక చదువు కోసం సగం దాకా తీసుకోవచ్చు. చేతిలో పైసలు ఆడని నెలల్లో తక్కువ కట్టినా ఖాతా నిలిచే ఉంటుంది, అది నాకు నచ్చిన గుణం. నీ తోటి ఉద్యోగి వేస్తున్న చీటీలో చేరతానన్నావు, చేరవద్దు. రిజిస్టరు చేసిన చిట్టీలోనే నిర్వాహకుడు 7 శాతం దాకా కమీషన్ తీసుకునే వీలు 2019 చట్ట సవరణ ఇచ్చింది. రిజిస్టరు కానిదాంట్లో కమీషన్ సంగతి దేవుడెరుగు, అసలుకే పూచీ లేదు. ఫోను వాయిదాలు పూర్తయ్యేదాకా ఇంకొక వాయిదా వస్తువు ఇంట్లోకి తేవద్దు. ఫోనులోనే అప్పిచ్చే యాప్‌ల జోలికి ఎట్టి పరిస్థితుల్లోనూ పోవద్దు, ఎంత అవసరమైనా ముందు నన్ను అడుగు.

లెక్క రాయడం కోడలి మీద వదిలేయకు. ఆమెను ప్రతి రూపాయికీ సంజాయిషీ అడిగి, నీ బండి పెట్రోలు, చాయ్ హోటలు పద్దు మాత్రం రాయకపోతే ఆ పుస్తకం వారం కూడా నడవదు. ఇద్దరి ఖర్చూ ఒకే పుస్తకంలో ఉండాలి, ఆదివారం పిల్లలు పడుకున్నాక ఇద్దరూ కూర్చొని చూడాలి. అందులో ఆమె పేరున ఏమీ లెక్క చెప్పనక్కరలేని కొంత సొమ్ము ప్రతి నెలా ఉండాలి, నీకూ అంతే ఉండాలి.

సంక్రాంతి తర్వాత యార్డులో కందుల ధర చూసి మీకూ మాకూ కలిపి తీసుకొని మరపట్టిస్తాను. పప్పు బస్సులో వేసి పంపుతాను, డబ్బులు నగదుగా ఇవ్వాలి, నా దగ్గర కూడా ఉద్దెర లేదు. ఉగ్గులోకి పెసరపప్పు మీ అమ్మ విడిగా కడుతోంది, దానికి లెక్క లేదు.

ఇట్లు,
మీ నాయన